ఒప్పుకోలు రిజిస్టరు: కార్యదర్శి గంటలకు లెక్క కట్టిన ప్రాజెక్టు డైరీ

ఎందుకు: మా కార్యదర్శి ఎవరు పిలిచినా ఒప్పుకుంటూ పోతే సంస్థ సొంత పనికి గంటలు మిగలడం లేదు. ఏ పని ఒప్పుకున్నా దాని ఖరీదును గంటల్లో లెక్క కట్టి రాసే పుస్తకమే ఒప్పుకోలు రిజిస్టరు.

ఎక్కడ: నల్లగొండ జిల్లా దేవరకొండ కేంద్రంగా నడిచే చిన్న స్వచ్ఛంద సంస్థ. సిబ్బంది 14 మంది, ప్రాజెక్టులు 3. పని ఉండేది దేవరకొండ, చందంపేట, నేరేడుగొమ్ము, డిండి మండలాల్లో, ఇంకా డిండి దాటి అచ్చంపేట వైపు నాలుగు ఊళ్లలో.

ఎప్పుడు: 2024 జూన్ నుంచి 2025 మార్చి దాకా.

సామాను: లాంగ్ నోట్‌బుక్కులు 2 (160 రూపాయలు), పర్సులో పట్టే అట్ట కార్డులు (40), తేదీ స్టాంపు 1 (150), గోడ క్యాలెండరు 1 (కిరాణా కొట్టు వాళ్లు ఊరికే ఇచ్చింది). మొత్తం 350 రూపాయలు. ఫోన్లలో పెట్టుకునే యాప్‌లు రెండు చూసి వదిలేశాం. చందంపేట లోపలికి పోతే సిగ్నల్ ఉండదు, నోట్‌బుక్కుకు ఆ బాధ లేదు.

దశ 1: గంటలు రాసుడు (జూన్ 3 – 22)

మొదటి వారం లెక్క మొత్తం పారేయాల్సి వచ్చింది. కారణాలు రెండు. జూన్ 4న లోక్‌సభ ఓట్ల లెక్కింపు, ఆ వెంటనే మన దిక్కు పట్టభద్రుల ఎమ్మెల్సీ ఉప ఎన్నిక లెక్కింపు. ఎన్నికల కోడ్ ఉండటంతో ఆఫీసుల్లో ఒక్క మీటింగూ లేదు. అలాంటి వారాన్ని కొలిస్తే పని తక్కువున్నట్టు కనబడుతుంది. రెండో కారణం, 15 నిమిషాలకో గడి పెట్టాం. రోజుకు 44 గళ్లు. పగలంతా వదిలేసి రాత్రి పది గంటలకు గుర్తు తెచ్చుకుని నింపితే అన్నీ గుండ్రటి అంకెలే వచ్చాయి. ఫోన్ మాట్లాడిన సమయం రాయనే లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ పని అనుకోరు.

మార్చినవి:

1. గడి అరగంట.
2. రోజుకు మూడుసార్లు నింపాలి: 11 గంటలకు, 3 గంటలకు, 7 గంటలకు. ఆఫీసు అసిస్టెంటు ఫోన్ చేసి అడిగి తనే రాస్తారు.
3. పనుల రకాలకు ఎనిమిది గుర్తులే. కొత్త గుర్తు పుట్టించొద్దు.
4. ఫోన్ లెక్క నోటితో చెప్పొద్దు, ఫోన్ సెట్టింగుల్లో స్క్రీన్ టైం చూసి రాయాలి.

జూన్ 10 నుంచి 22 వరకు, 12 పని దినాల లెక్క ఇది (గంటల్లో):

ప్రయాణం – 31
ఫోన్, వాట్సాప్ – 22
ఇతరులు పిలిచిన మీటింగులు – 19.5
సొంత ప్రాజెక్టుల పర్యవేక్షణ – 17
సంతకాలు, వోచర్లు – 13
ఆఫీసర్ల గదుల బయట ఎదురుచూపు – 11.5
రిపోర్టులు, ప్రపోజళ్లు – 9
పెళ్లిళ్లు, పరామర్శలు, ప్రారంభోత్సవాలు – 9
మొత్తం – 132

రోజుకు 11 గంటలు. అందులో సంస్థ ఏ పని కోసం పుట్టిందో ఆ పనికి (పర్యవేక్షణ, రిపోర్టులు) పోయింది 26 గంటలు, అంటే ఐదో వంతు. పెళ్లిళ్లు, పరామర్శల వరసను ఉన్నదున్నట్టు నమ్మొద్దు. జూన్ అంతా మూఢం, పెళ్లిళ్లు లేవు. శ్రావణంలో నాలుగు వారాలకు ఆ వరస 27 గంటలకు పోయింది.

దశ 2: ఒప్పుకున్నవన్నీ ఒక్క చిట్టాలోకి (జూన్ 24 – 29)

కార్యదర్శిని "మీకు ఎన్ని బాధ్యతలున్నాయి మేడం" అని అడిగితే వచ్చిన జవాబు 18. వెతికితే తేలినవి 41. జ్ఞాపకం మీద చిట్టా రాయొద్దు. వెతకాల్సిన చోట్లు:

1. వాట్సాప్‌లో "వస్తాను", "తప్పకుండా", "సరే సార్" అని వెతికితే వచ్చే మెసేజీలు, వెనక్కి ఆరు నెలలు.
2. ఇన్‌వర్డ్ ఫైలులో ఉన్న నియామక ఉత్తర్వులు.
3. ఇతర సంస్థల కరపత్రాల్లో, లెటర్‌హెడ్లలో సలహాదారుగా అచ్చయిన పేరు. (ఇలా రెండు దొరికాయి. ఒకటి ఎప్పుడు ఒప్పుకున్నదో ఆమెకే గుర్తులేదు.)
4. ఆఫీసుల నోటీసు బోర్డులు.

41 ఇలా విడిపోయాయి: సొంత ప్రాజెక్టులు 3, వేరే ఆఫీసుల అంతర్గత కమిటీలు 9, జిల్లా స్థాయి కమిటీలు 4, బడుల కమిటీలు 5, సంస్థల నెట్‌వర్కులు 6, శిక్షణ తరగతులు 5, చిల్లర 9.

అంతర్గత కమిటీల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మహిళలతో పనిచేసే సంస్థల పెద్దలు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే. పని ప్రదేశాల్లో లైంగిక వేధింపుల నిరోధక చట్టం, 2013 ప్రకారం పది మంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. అందులో ఒక సభ్యులు బయటి స్వచ్ఛంద సంస్థ నుంచో, ఆ విషయం తెలిసినవారి నుంచో రావాలి. దేవరకొండ లాంటి చోట అలాంటివాళ్లు నలుగురైదుగురే కనబడతారు కాబట్టి ప్రతి ఆఫీసూ వాళ్ల దగ్గరికే వస్తుంది. "పేరు పెట్టుకుంటం మేడం, సంతకం ఒక్కటే" అంటారు. ఫిర్యాదు వచ్చిన రోజున అది సంతకం కాదు. విచారణ 90 రోజుల్లో ముగించాలి, ముగిసిన 10 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. ఒక్క విచారణ పడితే మూడు నెలల బయటి గంటలన్నీ అటే పోతాయి. బయటి సభ్యులకు నిబంధనల్లో ఉన్న భత్యం రోజుకు 200 రూపాయలు, దారి ఖర్చులు అదనం. అడిగి తీసుకున్నవాళ్లు తక్కువ.

దశ 3: ఖరీదు కట్టుడు (జూలై 1 – 6)

మొదటి పద్ధతి: ఏ మీటింగైనా దాని సమయానికి మూడింతలు. నాలుగు రోజులకే తప్పని తేలింది. దేవరకొండ ఊళ్లోనే జరిగే మీటింగుకు మూడింతలు ఎక్కువ, నల్లగొండ మీటింగుకు ఏ మూలకూ చాలదు. కలెక్టరేట్‌లో గంట మీటింగును గడియారం పట్టుకుని కొలిస్తే ఇలా వచ్చింది:

– ముందు ఫోన్లు, "ఉందా, వాయిదా పడ్డదా" అని కనుక్కోవడం: 0.5
– కాగితాల తయారీ: 1
– దేవరకొండ నుంచి దాదాపు 60 కిలోమీటర్లు, రానుపోను: 3.5
– మొదలయ్యేదాకా కూర్చోవడం: 0.75
– మీటింగు: 1
– తర్వాత పంపాల్సిన వివరాలు, ఫొటోలు, మినిట్స్: 1.25
మొత్తం: 8 గంటలు

పిలిచినవాళ్లు చెప్పేది ఐదో వరస ఒక్కటే. రిజిస్టరులో రాయాల్సింది ఆరు వరసల మొత్తం. మహాలక్ష్మి పథకం వచ్చాక మహిళా సిబ్బందికి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. దాంతో "ఉత్తగనే పోయొస్తం" అనే మాట ఆఫీసులో పెరిగింది. టికెట్ ఉత్తదే గాని మూడున్నర గంటలు ఉత్తవి కావు.

తర్వాత వారం పరిమితి కట్టాం. 50 గంటలు.

సంతకాలు, లెక్కలు – 5
సిబ్బందితో – 8
ఊళ్లు – 10
రిపోర్టులు – 6
ఈ పనుల ప్రయాణం – 7
బఫర్ (అనుకోని పనులకు) – 6
జమ: 42. బయటి పనులకు మిగిలింది: 8.

అంటే వారానికి ఒకే ఒక్క నల్లగొండ మీటింగు. ఈ అంకె పాలకవర్గం ముందు పెట్టినప్పుడు ఎవరూ నమ్మలేదు. కూడికలు మళ్లీ చేయించారు.

దశ 4: కోత (జూలై 8 – 31)

జూలై–సెప్టెంబరుకు 13 వారాలు. చేతిలో ఉన్నవి 13 × 8 = 104 గంటలు. సొంత ప్రాజెక్టులు పోను మిగిలిన 38 ఒప్పుకోళ్ల ఖరీదు 287. తగ్గించిన వరస:

1. అంతర్గత కమిటీలు 9 నుంచి 3కు. ఒక్కోటి 12 గంటలు. 72 తగ్గింది. మిగులు 215.
2. నెట్‌వర్కులు 6 నుంచి 2కు. ఒక్కోటి 9. 36 తగ్గింది. మిగులు 179.
3. బడుల కమిటీలు 5, అన్నీ ఆయా మండలాల కోఆర్డినేటర్లకు. 30 తగ్గింది. మిగులు 149.
4. జిల్లా కమిటీలు 4లో 2 ప్రోగ్రాం మేనేజరుకు. ఒక్కోటి 16. 32 తగ్గింది. మిగులు 117.
5. శిక్షణ తరగతులు 5ను కలిపి సొంత హాల్లో 3 చేశాం. 8 తగ్గింది. మిగులు 109.

ఇంకా 5 గంటలు ఎక్కువే. వాటిని బఫర్‌లో సర్దుకుందామనుకున్నాం. ఇది తప్పు. దాని ఫలితం దశ 7లో ఉంది.

అంతర్గత కమిటీ నుంచి బయటికి రావాలంటే రానని ఊరుకోవడం కుదరదు. చేసిన పద్ధతి:

1. విచారణ నడుస్తుంటే రాజీనామా ఇవ్వొద్దు. అది ముగిసేదాకా ఉండాలి.
2. ఆ ఆఫీసు పెద్దకు 30 రోజుల ముందు రాతపూర్వకంగా ఇవ్వాలి.
3. ఇద్దరి పేర్లు, వాళ్ల ఒప్పుదలతో జత చేయాలి. పేర్లు ఇవ్వకపోతే మీ పేరే కొనసాగుతుంది.
4. కొత్త ఉత్తర్వు నకలు తీసుకుని ఫైలు చేయాలి.
5. నోటీసు బోర్డు మీద పేరు మారిందా అని కళ్లతో చూసి రావాలి. కమిటీ ఉత్తర్వును అందరికీ కనబడేచోట పెట్టాలని చట్టమే అంటుంది.

ఐదోది ఒకచోట వదిలేశాం. డిసెంబరులో ఆ ఆఫీసు ఉద్యోగిని ఒకరు పాత బోర్డు చూసి కార్యదర్శికే ఫోన్ చేశారు. కష్టంలో ఉన్న మనిషికి "నేను ఇప్పుడు సభ్యురాలిని కాదు" అని చెప్పి పెట్టేయలేం కదా. కొత్త సభ్యురాలికి అప్పజెప్పేసరికి 5 గంటలు పట్టింది.

ఉంచుకున్న మూడు కమిటీల్లోనూ ఒక మార్పు అడిగాం. మూడు నెలలకోసారి కూర్చోవడం ఆ ఆఫీసుల అలవాటు. చట్టం ఆ లెక్క పెట్టలేదు. సంవత్సరాంతపు నివేదికకు మాత్రం తప్పదు. రెండు ఆఫీసులు ఆరు నెలలకోసారి కూర్చోవడానికి ఒప్పుకున్నాయి.

దశ 5: గడప దగ్గర ఆపుడు (జూలై – ఆగస్టు)

నియమం: ఫోన్‌లో గాని, ఎదురుగా గాని ఏదీ ఒప్పుకోవద్దు. "రిజిస్టరు చూసి రేపు 11 గంటలకు చెప్తం" అనాలి. రిజిస్టరు ఆఫీసు అసిస్టెంటు దగ్గర ఉంటుంది, కార్యదర్శి దగ్గర కాదు. ఆ ఏర్పాటు కావాలనే చేశాం.

రిజిస్టరు గళ్లు: అడిగిన తేదీ (స్టాంపు), అడిగినవారు, పని, ఖరీదు, ఈ వారం నిల్వ, జవాబు, అసలు పట్టిన గంటలు. చివరి గడి లేకపోతే ఖరీదులు ఎప్పటికీ ఊహలుగానే ఉంటాయి. ఉదాహరణకు శిక్షణ తరగతికి 4 అని రాస్తే 7 పట్టింది, ఎందుకంటే వచ్చినవాళ్లు మరో పది రోజులు సందేహాలతో ఫోన్ చేస్తారు. ఆగస్టు నుంచి 7 అనే రాస్తున్నాం.

జూలైలో వచ్చిన పిలుపులు 23. రిజిస్టరు మీదుగా పోయినవి 14: ఒప్పుకున్నవి 5, వేరేవాళ్లను పంపినవి 4, కాదన్నవి 5. మిగతా 9 రిజిస్టరుకు తెలియకుండానే ఒప్పుకున్నారు. వాటి ఖరీదు 46 గంటలు. ఎక్కడ జారాయో చూస్తే: ఫంక్షన్లలో, పరామర్శల్లో ఎదురుపడి అడిగినవి 5, ఆఫీసర్లు నేరుగా ఫోన్ చేసినవి 3, నిధులిచ్చేవాళ్లు అడిగింది 1.

ఇంకో జారుడు మాటల్లో ఉంది. "చూద్దాం లెండి", "వీలైతే వస్తా", "ప్రయత్నం చేస్తా" అంటే మన దగ్గర చెప్పినవాళ్లకు అది కాదు, విన్నవాళ్లకు అది అవును. కరపత్రంలో పేరు అచ్చు వేసి ఇంటికి తెచ్చిస్తారు. అప్పుడు పోకపోతే మాట తప్పినట్టు. ఈ మూడు మాటలను జూలై చివర నుంచి ఆఫీసులో నిషేధించాం. నవ్వుకున్నారు గాని పనిచేసింది.

మార్చినవి:

1. ప్రతి సోమవారం పొద్దున అట్ట కార్డు మీద "ఈ వారం నిల్వ: ఇన్ని గంటలు" అని రాసి పర్సులో పెట్టడం. ఎదురుపడి అడిగినవాళ్లకు కార్డు తీసి చూపిస్తారు. కార్డు చూస్తే ఎదుటివాళ్లు బతిమాలే తీరు మారుతుంది. "అయితే వచ్చే వారం రాయండి" అంటారు.
2. ఆఫీసర్లకు: "సార్, మా ప్రోగ్రాం మేనేజరు వస్తారు, నిర్ణయం చెప్పే అధికారం వారికి ఉంది." దీనికి లెటర్‌హెడ్ మీద అధికార పత్రం ముందే ఇచ్చి పెట్టాలి. ఆ కాగితం లేకుండా పంపితే "మేడం ఎక్కడ" అని తిప్పి పంపుతారు, రెండు ప్రయాణాలవుతాయి. అలా రెండుసార్లు జరిగింది.
3. కాదనే మెసేజీ ఒకటే నమూనా:

"నమస్తే సార్. మీ పిలుపు అందింది, సంతోషం. ఆగస్టు నెలకు మా కార్యదర్శి గారి బయటి కార్యక్రమాలు నిండిపోయినయి, ఈసారి రాలేరు. మా ప్రోగ్రాం మేనేజరు వచ్చి 20 నిమిషాలు మాట్లాడగలరు. కావాలంటే బుధవారం లోపు చెప్పండి."

ఇందులో "క్షమించండి" రెండుసార్లు రాయొద్దు, బేరానికి దారి ఇచ్చినట్టవుతుంది. ఒంట్లో బాగలేదని అసలే రాయొద్దు. పలకరించడానికి ఇంటికొస్తారు, ఆ గంట కూడా పోతుంది.

ఆగస్టులో రిజిస్టరు దాటి పోయినవి 2.

దశ 6: సంతకాలు (జూలై – ఆగస్టు)

జూన్ లెక్కలోని 13 గంటల్లో అసలు సంతకాలు పెట్టడానికి పట్టింది మూడు గంటలకు లోపే. మిగిలిందంతా "మేడం, ఒక్క నిమిషం" అని ఫైలు పట్టుకుని నిలబడ్డ సమయం, తెగిపోయిన పనిని మళ్లీ అందుకున్న సమయం.

1. సంతకాల వేళ మంగళ, శుక్రవారాలు సాయంత్రం 4 నుంచి 5. మిగతా రోజుల్లో ట్రే.
2. 3,000 రూపాయల లోపు బిల్లులకు ప్రోగ్రాం మేనేజరు ఆమోదం చాలని పాలకవర్గ తీర్మానం.
3. వోచరు వెనక బిల్లు, హాజరు పట్టిక, ఫొటో మూడూ లేకపోతే అకౌంటెంటే వెనక్కి పంపాలి, పైకి తేవొద్దు.
4. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకాలు పెట్టి పోవడం బంద్. ఎంతో సమయం మిగిల్చే పద్ధతే, సంస్థను ముంచే పద్ధతి కూడా.

చెడింది: బ్యాంకులో మూడో సంతకందారును చేర్చడానికి వారం అనుకుంటే మూడు వారాలు పట్టింది. తీర్మానం నకలులో "ఎవరైనా ఇద్దరు" అన్న మాట లేదని ఒకసారి, కేవైసీ పాతదని ఒకసారి తిప్పి పంపారు. తీర్మానం రాసే ముందే బ్యాంకు నమూనా అడిగి తెచ్చుకుంటే ఒకటే తిరుగుడు. విదేశీ నిధులున్న సంస్థలు ఇంకో సంగతి చూసుకోవాలి: సంతకాల భారం దించుకోవడానికి పాలకవర్గ సభ్యులనే మారిస్తే ఎఫ్‌సీ-6ఈ అనే ఫారం దాఖలు చేయాలి. మా మార్పు సిబ్బంది స్థాయిలోనే కాబట్టి ఆ పని పడలేదు.

నగదు వాడకం పెరగకుండా కూడా చూడాలి. సంతకం తొందరగా దొరకడం లేదని ఫీల్డ్ వాళ్లు నగదు అడ్వాన్సులు ఎక్కువ అడిగారు. ఒకరికి ఒకరోజులో 10,000 దాటి నగదు ఇస్తే ఆదాయపు పన్నులో ఆ ఖర్చు చెల్లదు. అడ్వాన్సు పరిమితి 5,000 దగ్గర ఆపాం.

వారానికి సంతకాల గంటలు: 6.5 నుంచి ఆగస్టు చివరకు 2.5.

దశ 7: సెప్టెంబరు దెబ్బ

13 వారాలకు బఫర్ 78 గంటలు. జూలైలో దొంగదారిన ఒప్పుకున్నవి 46, కోతలో సర్దిన 5, సిబ్బంది అత్యవసరాలు 20. ఆగస్టు 31 నాటికి నిల్వ 7.

ఆగస్టు 31, సెప్టెంబరు 1 వానలకు ఖమ్మం, కోదాడ వైపు ఊళ్లు మునిగాయి. సాయం సేకరణ, లారీల ఏర్పాటు, జాబితాలు, వాలంటీర్లు. దీన్ని కాదనే సంస్థ ఉండదు, ఉండొద్దు కూడా. పట్టినవి 44 గంటలు. నిల్వ మైనస్ 37. ఆ 37 ఎక్కడి నుంచి వచ్చాయంటే రిపోర్టుల గంటలు 24, ఊళ్ల గంటలు 13.

ఆ రిపోర్టుల గంటలే ఆడిట్‌కు దాచినవి. ఆదాయపు పన్ను శాఖకు ఇచ్చే ఫారం 10బీ లేదా 10బీబీ ఆడిట్ నివేదిక గడువు అప్పుడు సెప్టెంబరు 30. ఆ సంవత్సరం గడువును అక్టోబరు 7కు పొడిగించారు కాబట్టి బయటపడ్డాం, 5న ఎక్కించారు. పొడిగింపు వస్తుందని లెక్క వేసుకుని పని పెట్టుకోవద్దు.

మార్చినవి:

1. బఫర్ 6 గంటలను రెండుగా చీల్చాం. 3 మామూలువి. 3 తాళం వేసినవి, త్రైమాసికం చివరి మూడు వారాల దాకా ముట్టొద్దు.
2. కోతలో తేలిన ఎక్కువ గంటలను బఫర్‌లో సర్దడం బంద్. ఇంకో ఒప్పుకోలు తీసేయాల్సిందే.
3. "శూన్య వారాలు" గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో. ఆ వారాల్లో బయటి పిలుపుల ఖరీదు ఎంతైనా జవాబు ఒకటే.

2024–25కు క్యాలెండరు మీద పెట్టిన తేదీలు: టీడీఎస్ (చెల్లింపుల్లో కోసిన పన్ను) కట్టడానికి ప్రతి నెలా 7 (మార్చి నెలది ఏప్రిల్ 30), టీడీఎస్ రిటర్నులు జూలై 31, అక్టోబరు 31, జనవరి 31, మే 31. ఆడిట్ నివేదిక సెప్టెంబరు 30, సంస్థ ఆదాయపు పన్ను రిటర్ను ఐటీఆర్-7 అక్టోబరు 31, విదేశీ నిధుల ఎఫ్‌సీ-4 డిసెంబరు 31, దాతల వివరాల 10బీడీ మే 31. ఒక్కో పెద్ద గడువుకు ముందు మూడు వారాలు శూన్యం. మీరు కాపీ చేసేటప్పుడు ఆ ఏడాది తేదీలు, ఫారాల పేర్లు మీ ఆడిటరుతో ఒకసారి సరిచూసుకోండి, మారుతుంటాయి.

దశ 8: దారులు, వేళలు (అక్టోబరు – జనవరి)

నల్లగొండ పనులన్నీ ఒకే రోజు కలపాలని సోమవారం పెట్టుకున్నాం. ప్రజావాణి (కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే) రోజు కాబట్టి ఆఫీసర్లందరూ దొరుకుతారని లెక్క. దొరుకుతారు, కాని ప్రజావాణిలో. మధ్యాహ్నం దాటేదాకా లేవరు. ఆరు సోమవారాల సగటు ఎదురుచూపు 2 గంటల 20 నిమిషాలు. మంగళవారానికి మార్చాక ఐదుసార్ల సగటు 50 నిమిషాలు. సోమవారం అర్జీ ఇవ్వడానికి, మంగళవారం మాట్లాడడానికి. మంగళవారం సాయంత్రం సంతకాల వేళ దెబ్బతినడంతో దాన్ని బుధవారానికి జరిపాం.

పాత జిల్లా మనసులోంచి పోలేదు, అదీ ఒక ఖర్చు. 2016 అక్టోబరు 11న నల్లగొండ మూడు జిల్లాలైంది. పాత పాలమూరు 2019లో నారాయణపేట కూడా విడిపోయాక ఐదు. డిండి దాటి అచ్చంపేట వైపు నాలుగు ఊళ్లలో పని ఉందంటే నాగర్‌కర్నూలు కలెక్టరేట్‌లో ఇంకో సెట్టు మీటింగులు. ఊళ్లు నాలుగే, మీటింగులు జిల్లా మొత్తానికి ఎన్నో అన్ని. ఆ నాలుగు ఊళ్ల పనిని మార్చిలో వేరే సంస్థకు అప్పజెప్పాలని తీర్మానించారు.

ఊళ్లలో సంతకం కావాలంటే ఇంకో చిక్కు. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరి మొదట్లో ముగిసింది, ఈ డైరీ నడిచినంత కాలం ప్రత్యేకాధికారులే ఉన్నారు. ఒక్కొక్కరికి సొంత శాఖ పనికి తోడు పంచాయతీలు. ఊరికి పోయి వెతకకుండా వాళ్ల అసలు ఆఫీసుకే పోయేవాళ్లం, అన్ని ఊళ్ల కాగితాలూ ఒకేసారి పట్టుకుని.

వేళల సంగతి: నాట్లప్పుడు, పత్తి ఏరేటప్పుడు పగటి మీటింగుకు ఎవరూ రారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మహిళల మీటింగు రాత్రి 7 తర్వాతే. తప్పు ఏం జరిగిందంటే, రాత్రి పదిన్నరకు ఇల్లు చేరిన మనిషికి మర్నాడు తొమ్మిదికి ఇంకో పని పెట్టాం. నవంబరు రెండో వారంలో అలా మూడు రాత్రులు వరసగా పడ్డాయి, నాలుగో రోజు ముఖ్యమైన ప్రపోజలు తప్పులతో పోయింది. ఇప్పుడు రాత్రి మీటింగు రాయగానే మర్నాడు 11 దాకా గడి కొట్టేస్తాం.

నవంబరు 6న ప్రభుత్వ ఇంటింటి సర్వే మొదలై టీచర్లు అందులో పడ్డారు, ప్రాథమిక బడులు ఒంటిపూట నడిచాయి. బడి మీటింగులన్నీ డిసెంబరుకు జరిపాం. జనవరి 21–24 గ్రామసభలప్పుడు కూడా అంతే. ప్రభుత్వ కార్యక్రమం ప్రకటించిన గంటలోపు మన తేదీ మార్చుకుంటే నష్టం ఒక ఫోన్. పట్టుబట్టి పోతే ఖాళీ కుర్చీలు.

దశ 9: ఫోన్, పెళ్లిళ్లు

వాట్సాప్ గ్రూపులు 37 నుంచి 14కు. ఫోన్ తీసే వేళలు పొద్దున 10–11, సాయంత్రం 5–6. రెండు రోజులకే ఫీల్డ్ కోఆర్డినేటరు ఒక అత్యవసరానికి ఫోన్ చేసి అందక ఇబ్బందిపడ్డారు. నియమం మార్చాం: వెంటవెంటనే రెండుసార్లు మోగితే తీయాలి. సిబ్బందికి తప్ప ఇది ఎవరికీ చెప్పొద్దు.

పెళ్లిళ్లలో పెద్దగా గెలిచింది లేదు. చావు పరామర్శకు పరిమితి పెట్టలేదు, పెట్టకూడదు. షాపు ప్రారంభోత్సవాలకు పూర్తిగా బంద్. పెళ్లికి ముహూర్తమో, రిసెప్షనో ఒకటే, గంటకు మించకుండా. గంట అని రాస్తాం, భోజనం చేయకుండా పంపితే కదా.

దశ 10: రెండో కొలత (2025 ఫిబ్రవరి 3 – 15)

గ్రామసభల వారం వద్దని ఫిబ్రవరికి జరిపాం. అవే గుర్తులు, అదే పద్ధతి, 12 పని దినాలు. కుండలీకరణాల్లో జూన్ అంకె.

ప్రయాణం – 25.5 (31)
ఫోన్, వాట్సాప్ – 12 (22)
ఇతరులు పిలిచిన మీటింగులు – 7 (19.5)
సొంత ప్రాజెక్టుల పర్యవేక్షణ – 27 (17)
సంతకాలు, వోచర్లు – 4.5 (13)
ఎదురుచూపు – 5 (11.5)
రిపోర్టులు, ప్రపోజళ్లు – 16 (9)
పెళ్లిళ్లు, పరామర్శలు – 11 (9)
మొత్తం – 108 (132)

సొంత పని 26 నుంచి 43 గంటలు, మొత్తంలో దాదాపు 40 శాతం. రెండు వారాలకు పెట్టుకున్న 100 ఇంకా దాటుతోంది. బయటి ఒప్పుకోళ్లు ప్రయాణంతో కలిపి రిజిస్టరు ప్రకారం 19, పరిమితి 16. మాఘమాసం పెళ్లిళ్లు చివరి వరసను పెంచాయి. ప్రయాణం అనుకున్నంత తగ్గలేదు, ఎందుకంటే ఊళ్లకు పోయే రోజులు పెరిగాయి.

ఈ పట్టికలో కనబడనిది ఒకటుంది. అప్పజెప్పినవన్నీ ఎటు పోయాయని ప్రోగ్రాం మేనేజరు గంటలు ఫిబ్రవరి 17 నుంచి ఒక వారం రాయించాం. 61 గంటలు. జిల్లా కమిటీలు రెండు, చిన్న బిల్లుల ఆమోదాలు, కార్యదర్శి బదులు పోయిన మీటింగులు, అన్నీ వారి మీదే పడ్డాయి. జూన్‌లో వారి గంటలు కొలవలేదు కాబట్టి ఎంత పెరిగిందో చెప్పడానికి అంకె లేదు. కాపీ చేసేవాళ్లు దశ 1లోనే ఇద్దరి గంటలూ రాయండి.

మార్చి 3 నుంచి మేనేజరుకూ అదే రిజిస్టరు, వేరే నోట్‌బుక్కులో (80 రూపాయలు, ఖర్చు మొత్తం 430). వారి పరిమితి 48. మొదటి వారం నిల్వ: మైనస్ 11.